శిక్షణ సరే, తిరిగొచ్చాక ల్యాబ్ ఏది?

ఆఫ్రికాలోని మలావీ దేశంలో, బ్లాంటైర్ నగరపు పెద్ద ప్రభుత్వాసుపత్రిలో 1998 నుంచి ఒక లెక్క రాస్తున్నారు. తీవ్ర జ్వరంతో చేరినవాళ్లకు బ్లడ్ కల్చర్ (రక్తంలో బ్యాక్టీరియా పెరుగుతుందేమో చూసే పరీక్ష) చేసి, ఏ బ్యాక్టీరియా దొరికింది, అది ఏ మందుకు లొంగుతోంది అని నమోదు చేస్తారు. 2010 వరకు అక్కడ తేలిన టైఫాయిడ్ కేసులు ఏడాదికి సగటున 14. 2011లో 67. 2013లో 782! వాటిలో 97 శాతం, ఏళ్లుగా వాడుతున్న చవక మందులకు లొంగని రకం.

పాత లెక్క లేకపోతే ఆ పెరుగుదల ఎవరికి తెలిసేది? జ్వరాల సీజన్ అనుకుని ఊరుకునేవారు. 2018లో టైఫాయిడ్ కొత్త టీకాను అక్కడి పిల్లల మీదే పరీక్షించారు. అది 80 శాతం దాకా రక్షణ ఇస్తుందని తేలింది. 2023లో మలావీ దేశమంతటా పిల్లలకు వేసింది. దీని వెనక బ్రిటన్‌కు చెందిన వెల్‌కమ్ సంస్థ డబ్బు, లివర్‌పూల్ నగరంలోని పరిశోధన సంస్థల తోడ్పాటు ఉన్నమాట నిజమే. కానీ నా దృష్టిలో అంతకంటే పెద్ద విషయం, ఆ ల్యాబ్ ఇన్నేళ్లు మూతపడకుండా నడవడం.

మిగతాచోట్ల అలాంటి ల్యాబులే అరుదు. 14 ఆఫ్రికా దేశాల్లో 50 వేల ల్యాబులను లెక్కిస్తే, బ్యాక్టీరియా పరీక్షలు చేసేవి 1.3 శాతమే. మందులకు లొంగని బ్యాక్టీరియా వల్ల 2019లో ప్రపంచంలో నేరుగా 12.7 లక్షల మంది చనిపోయారని అంచనా. మరణాల రేటు అన్నిటికంటే ఎక్కువగా ఉన్నది పశ్చిమ ఆఫ్రికాలోనే.

దీనికి పరిష్కారంగా అందరూ చెప్పేది ల్యాబ్ సిబ్బందికి శిక్షణ. రెండు వారాల వర్క్‌షాప్, ఒక సర్టిఫికెట్, గ్రూప్ ఫొటో. జీనోమ్ సీక్వెన్సింగ్ (బ్యాక్టీరియా జన్యువులను చదివే పద్ధతి) నేర్చుకుని తిరిగొచ్చిన మనిషికి సొంత ఆసుపత్రిలో యాంటీబయాటిక్ డిస్కులే (బ్యాక్టీరియా ఏ మందుకు లొంగుతుందో చూసే చిన్న బిళ్లలు) ఉండవు, ఉన్నా కరెంటు పోతే ఫ్రిజ్‌లో పాడవుతాయి. పుస్తకంలో గొర్రె రక్తంతో అగార్ (బ్యాక్టీరియాను పెంచే జెల్లీ) చేయమని ఉంటుంది. గొర్రె రక్తం దొరకని చాలా ల్యాబుల్లో బ్లడ్ బ్యాంకులో గడువు తీరిన మనిషి రక్తమే వాడతారు, ఫలితం తప్పొచ్చే ప్రమాదం ఉన్నా. ఇలాంటి చోట పని ఎలా నడపాలో నేర్పడమే అసలు శిక్షణ. పైగా ఆ మనిషికి పర్మినెంటు పోస్టు కావాలి. ప్రాజెక్టు జీతం మీద ఉన్నవాళ్లు ప్రాజెక్టుతోనే పోతారు. పేద దేశాల్లో ఇలాంటి ల్యాబుల కోసం బ్రిటన్ 2015లో మొదలుపెట్టిన ఫ్లెమింగ్ ఫండ్‌ను, 2025లో బ్రిటన్ ప్రభుత్వమే ఆపేస్తున్నట్టు ప్రకటించింది.

మనం మాత్రం ఏం తక్కువ? హైదరాబాద్ పక్కన పటాన్‌చెరు దగ్గర శుద్ధి చేసి వదిలిన మందుల కంపెనీల వ్యర్థజలాల్లో లీటరుకు 31 మిల్లీగ్రాముల వరకు సిప్రోఫ్లాక్సాసిన్ అనే యాంటీబయాటిక్ ఉందని 2007లో ప్రపంచానికి చెప్పింది స్వీడన్ పరిశోధకులు. ఆ మందు వేసుకున్న రోగి రక్తంలో కూడా అంత ఉండదు. మందులకు లొంగని బ్యాక్టీరియా పెరిగే ప్రమాదం ఇలాంటి నీళ్లలోనే. చుట్టుపక్కల ఊళ్లవాళ్లు కాలుష్యం గురించి అప్పటికే ఏళ్లుగా మొత్తుకుంటున్నారు. కొలిచి చూపడానికి మాత్రం బయటివాళ్లు రావాల్సి వచ్చింది.

ఇప్పుడు రెండు రాష్ట్రాల్లోనూ జిల్లాల్లో మెడికల్ కాలేజీలు వచ్చాయి, ప్రతిదాంట్లో మైక్రోబయాలజీ విభాగం ఉండాల్సిందే. పీజీ ఉన్నచోట విద్యార్థి థీసిస్ రాసి తీరాలి. ఆ థీసిస్‌ను బీరువాలో పెట్టడం మాని, సొంత ఆసుపత్రిలో ఏ మందు పనిచేస్తోంది, ఏది చేయడం లేదు అనే లెక్కను బ్యాచ్ తర్వాత బ్యాచ్ కొనసాగించేలా మార్చొచ్చు. దీనికి విదేశీ నిధి అక్కర్లేదు. డిస్కులకు, కల్చర్ బాటిళ్లకు ఏటా ఆగకుండా బడ్జెట్, ఆ లెక్క చూసి ప్రిస్క్రిప్షన్ మార్చుకునే డాక్టర్లు ఉంటే చాలు. ఈ రెండింట్లో బడ్జెట్ సంపాదించడమే సులువేమో.