నీతిబోధ పీరియడ్ గారికి ఒక విన్నపం

మహారాజశ్రీ నీతిబోధ పీరియడ్ గారి సముఖానికి, విశాఖపట్నం ఎంవీపీ కాలనీ నివాసి, తొమ్మిదో తరగతి చదువుతున్న ఒక అమ్మాయి తండ్రి నమస్కరించి వ్రాసుకొను విన్నపం.

మా అమ్మాయి టైంటేబుల్‌లో శనివారం ఆఖరి గడిలో తమరి పేరు చూసి ఎంతో సంతోషించాను. ఆ గంటకు తమరు మాత్రం దర్శనమివ్వరట. యూనిట్ టెస్టులు దగ్గరపడితే లెక్కల మాస్టారు, పడకపోతే సైన్సు టీచరు గారు వచ్చి తమరి స్థానాన్ని అలంకరిస్తారట. తనిఖీకి అధికారులు వచ్చిన రోజున తమరు తప్పక హాజరవుతారని, ఆ పూట నిజాయితీకి నిర్వచనం కూడా నల్లబల్ల మీద రాయిస్తారని విన్నాను.

తమరి వంశం చిన్నది కాదు. 1959లో కేంద్ర ప్రభుత్వం శ్రీప్రకాశ గారి అధ్యక్షతన తమరి కోసమే ఒక సంఘాన్ని వేసింది. 1964–66 నాటి కొఠారి విద్యా కమిషన్ తమరికి వారానికి ఒకటో రెండో పీరియడ్లు ఇమ్మని చెప్పింది. అందులో తక్కువైన అంకెను ఏరుకుని, దాన్ని కూడా లెక్కలకు ధారపోసిన ఔదార్యం మన బడులది. విలువల బాధ్యత తమరి ఒక్కరిది కాదనీ, ప్రతి ఉపాధ్యాయుడిదీ, బడి వాతావరణం మొత్తానిదీ అనీ కూడా ఆ కమిషనే చెప్పింది గాని, టైంటేబుల్‌లో వాతావరణానికి గడి ఉండదు కదా.

తమరు రానంత మాత్రాన నీతిబోధ ఆగిపోయిందని బెంగపెట్టుకోవద్దు. మొన్న మా అమ్మాయి తరగతికి తీరప్రాంత కాలుష్యం మీద ప్రాజెక్టు ఇచ్చారు. బడి నుంచి లాసన్స్ బే తీరానికి నడిచి వెళ్లవచ్చు. అయినా పిల్లలందరూ జిరాక్సు షాపుకే వెళ్లారు, ఎందుకంటే ఆ షాపాయన తరగతి, సబ్జెక్టు అడిగి, స్పైరల్ బైండింగుతో సహా చేతిలో పెడతాడు. అట్ట మీద తెల్లటి ఇసుక, ఆకుపచ్చటి నీళ్లు ఉన్నాయి. అది ఏ దేశపు సముద్రమో గాని, మన విశాఖది మాత్రం కాదు. ఆఖరి పేజీలో ‘నేను స్వయంగా తీరానికి వెళ్లి, పరిశీలించి రాశాను’ అన్న వాక్యం, దాని కింద విద్యార్థి సంతకం, దాని పక్కన టీచరు గారి సంతకం, పూర్తి మార్కులు. తమరు ఏడాది పొడవునా చెప్పినా ఇంత చక్కగా ఒంటబట్టదు.

తల్లిదండ్రులమైన మేము కూడా చేతనైనంత సాయం చేస్తున్నాం. మైనరుకు బండి ఇస్తే, ఆ పిల్లవాడు చేసిన నేరానికి తండ్రికి 25,000 రూపాయల జరిమానా, మూడేళ్ల వరకు జైలు అని 2019 నాటి మోటారు వాహనాల సవరణ చట్టం చెబుతోంది. అందుకే సిరిపురంలో ట్యూషనుకు వెళ్లే పదో తరగతి అబ్బాయికి తాళం చెవి ఇస్తూ, ‘మెయిన్ రోడ్డు మీద పోలీసులుంటారు, సందులోంచి వెళ్లు నాన్నా’ అని ముందుజాగ్రత్త నేర్పుతున్నాం.

1920లలో అమెరికాలో హార్ట్‌షోర్న్, మే అనే ఇద్దరు పరిశోధకులు వేలాది బడిపిల్లలను పరీక్షించి, నీతిపాఠాలు విన్నంత మాత్రాన పిల్లలు మోసం మానరనీ, ఒకే పిల్లవాడు ఒకచోట నిజాయితీగా ఉండి మరోచోట మోసం చేయడం చాలావరకు పరిస్థితిని బట్టి ఉంటుందనీ తేల్చారు. అంత దూరం వెళ్లి తేల్చడం దేనికో, మా జిరాక్సు షాపాయనను అడిగినా చెప్పేవాడు.

కాబట్టి ఎప్పుడైనా పొరపాటున శనివారం నాడు తమరు వస్తే, దయచేసి నిర్వచనాలు రాయించకండి. పద్నాలుగేళ్ల పిల్లలు వాదించగలరు, వాదించనివ్వండి. స్నేహితురాలు కాపీ కొడుతుంటే చూసినవాళ్లు ఏం చేయాలో, చేయని పరిశీలన కింద సంతకం పెట్టమంటే పెట్టాలో వద్దో వాళ్లనే తేల్చుకోనివ్వండి. వాళ్లు రెండో ప్రశ్న దగ్గర ఆగరు. ఆ పక్క సంతకం ఎవరిది, ఎందుకు పెట్టారు అని మూడోది కూడా అడుగుతారు. తమరి గంటను ఇంత శ్రద్ధగా లెక్కలకు అప్పగించడంలో మేనేజ్‌మెంటు వారి దూరదృష్టి ఏమిటో నాకిప్పుడు కొంత అర్థమవుతోంది.

ఇట్లు,
తమ విధేయుడు,
ఒక తండ్రి