ఇరవయ్యే కదండీ ఎక్కువ!

మొన్న శనివారం రాత్రి పదకొండు దాటాక బెంగళూరు మారతహళ్లిలో మా వీధి చివర స్పీకర్లు మొదలయ్యాయి. కిటికీ దగ్గర ఫోనుతో కొలిస్తే 65 డెసిబెల్స్ చూపించింది. ఫోను కొలత అంత కచ్చితం కాదు, ఒప్పుకుంటాను. కానీ నివాస ప్రాంతాల్లో రాత్రి పరిమితి 45. అదే మాట మా అపార్ట్‌మెంట్ వాట్సాప్ గ్రూపులో పెడితే, పై అంతస్తు పెద్దాయన వెంటనే జవాబిచ్చారు: "ఇరవయ్యే కదండీ ఎక్కువ, సర్దుకుపోదాం."

ఇరవయ్యే! ఆయన ఇంజినీరు. ఆ మాటకొస్తే మా భవనంలో ఇంజినీరు కానివారిని వెతుక్కోవాలి. డెసిబెల్ సంవర్గమానపు (లాగరిథమ్) కొలత: పది పెరిగితే ధ్వని తీవ్రత పది రెట్లు, ఇరవై పెరిగితే వంద రెట్లు. చెవికి మాత్రం అది సుమారు నాలుగు రెట్లుగానే తోస్తుంది. చెవి మనకన్నా ముందే లాగరిథమ్స్ నేర్చుకుంది మరి.

కోపం ఆయన మీద కాదు, మాకు ఈ పాఠం చెప్పిన తీరు మీద. ఇంటర్‌లో లాగ్ పట్టికలు తిప్పి తిప్పి వేళ్లు నలుపెక్కాయి. లాగ్ 2, అంటే రెండు రావాలంటే పదిని ఎన్నిసార్లు వేసి గుణించాలి, ఎంత అంటే నిద్రలో కూడా 0.3010 అనేవాళ్లం. అది ఎక్కడి నుంచి వచ్చిందో ఒక్కరూ చెప్పలేదు, మేమూ అడగలేదు. రెండును పదిసార్లు వేసి గుణిస్తే 1024. పదిని మూడుసార్లు వేసి గుణిస్తే 1000. రెండూ దాదాపు ఒకటే. అంటే పది రెండ్లు చేసే పని మూడు పదులు చేస్తాయి, కాబట్టి ఒక్కో రెండు వాటా సుమారు 0.3. ఇంతే! దీనికి పట్టిక కూడా అక్కర్లేదు.

లాగరిథమ్స్ కనిపెట్టిన స్కాట్లండ్ గణితజ్ఞుడు నేపియర్ సుమారు ఇరవై ఏళ్లు కష్టపడి 1614లో తన పట్టికలు ప్రచురించింది గుణకారాన్ని కూడికగా మార్చడానికి. చేత్తో లెక్కలు కట్టే ఖగోళ శాస్త్రజ్ఞులకు అది వరమే. ఆ పని కాలిక్యులేటర్ ఎప్పుడో లాగేసుకుంది. మిగిలింది "ఎన్నిసార్లు?" అనే ప్రశ్న. పాఠంలో లేనిదీ అదే.

నేపియర్‌కు ఎనిమిది శతాబ్దాల ముందే జైన పండితుడు వీరసేనుడు 'ధవళ' అనే తన వ్యాఖ్యాన గ్రంథంలో ఈ ప్రశ్నే వేశాడు. ఒక సంఖ్యను ఒకటి మిగిలేదాకా ఎన్నిసార్లు సగం చేయవచ్చో ఆ లెక్కకు "అర్ధచ్ఛేదం" అని పేరు. పదహారుకు నాలుగు. ఎంత చక్కటి మాట! ఆ గ్రంథపు తాళపత్రాలు శతాబ్దాలపాటు భద్రంగా ఉన్నది ఈ కర్ణాటకలోని మూడబిద్రిలోనే. ఇవాళ కంప్యూటర్ వెతుకులాటలోనూ అదే లెక్క: కోటి పేర్లు అక్షరక్రమంలో ఉన్న జాబితాలో ఒక పేరును సగం సగం చేసుకుంటూ వెతికితే ఇరవైనాలుగు ప్రయత్నాల్లో దొరుకుతుంది. ఈ ఊళ్లో సగం మంది జీతం ఆ లెక్క మీదే నడుస్తోంది, మూలం తెలిసినవాళ్లు ఎందరో!

ఇదంతా అర్ధరాత్రి గ్రూపులో రాశాను. పొగరనుకున్నా సరే అనుకున్నాను. కాసేపటికి పెద్దాయన అడిగారు: "మరి తీవ్రత రెట్టింపు కావాలంటే ఎన్ని డెసిబెల్స్ పెరగాలండీ?"

3.01 అని రాశాను.

రెండు నిమిషాలు నిశ్శబ్దం, గ్రూపులో మాత్రమే. స్పీకర్లు మోగుతూనే ఉన్నాయి. తర్వాత ఆయన సందేశం: "అరెరే, ఇది మన 0.3010 కదండీ!"