కరెంటు మిషన్ గారికి, సన్నబడ్డ తొడల తరఫున

శ్రీయుత కరెంటు మిషన్ గారి దివ్యసముఖానికి,
ఫిజియో గది, ఆకుపచ్చ కర్టెన్ వెనక, రెండో మంచం పక్కన, బరంపురం, ఒడిశా.

దెబ్బలు తగిలి తొడలు సన్నబడ్డ మేం ఇచ్ఛాపురం నుంచి రాసుకుంటున్న విన్నపం ఏమనగా:

ఈ మధ్యాహ్నం కూడా తమరి దర్శనభాగ్యం కలిగింది. సోంపేట నుంచి రైల్లో ఒంటికాలి మీద వచ్చినవాళ్లకీ, కవిటి నుంచి ఆటో కట్టించుకుని వచ్చినవాళ్లకీ తమరు ఒకే న్యాయం చేశారు. నాలుగు రబ్బరు కప్పులు, నాలుగు తడి స్పాంజీలు, పదిహేను నిమిషాలు చీమలు పాకినట్టు జిలజిల, ఆఖర్న ఒక ‘కుయ్’. బిల్లు కట్టండి, రేపు రండి. బరంపురంలో ఒక పూట హరీ.

తమరి మీద మాకు కక్ష లేదు. తమరి విద్య తమరిది. 4000 హెర్ట్జ్ కరెంటు ఒకటి, దానికన్నా ఓ వంద ఎక్కువ ఇంకోటి, రెండూ ఒంట్లో అడ్డంగా కలిపి నొప్పిని కాసేపు ఏమారుస్తారు. నొప్పి తగ్గితే కాలు కదపడం తేలిక. ఒప్పుకుంటాం. కానీ తొడలో పోయిన కండ తిరిగొస్తుందని తమరి పేరు చెప్పి మాటిచ్చిందెవరండీ? తమరైతే ఇవ్వలేదు. తమరి డబ్బా మీద ఎక్కడా రాసి లేదు. మాట ఇంకెవరో ఇస్తున్నారు, తమరు మౌనంగా కుయ్‌మంటున్నారు.

కట్టు కట్టిన కాలికి ఏమవుతుందో తమరికి తెలియంది కాదు. నిక్షేపంగా ఉన్న కుర్రాళ్ల కాలికి ఐదు రోజులు కట్టు వేసి చూస్తేనే తొడ ముందు కండరం సుమారు 3.5 శాతం తగ్గింది, బలం 9 శాతం పడిపోయింది. రెండు వారాలుంచితే కండ 8 శాతం పైన, బలం 23 శాతం దాకా. దెబ్బే తగలని కాళ్ల లెక్క అది. కబడ్డీలో ఏసీఎల్ (మోకాలి లోపలి లిగమెంటు) తెంచుకున్నవాడిదీ, కొబ్బరిచెట్టు మీంచి పడ్డవాడిదీ, హైవే మీద బండి జారి కాలు విరగ్గొట్టుకున్నవాడిదీ ఇంకెంత పోతుందో వేరే చెప్పాలా?

కండ కన్నా బలం ముందు పోతోంది చూశారా, దానికి కారణం ఉంది. మోకాల్లో నీరు చేరితే చాలు, తొడ ముందు కండరానికి వెళ్లే ఆజ్ఞని వెన్నుపామే తగ్గించేస్తుంది. మనిషి పళ్లు బిగించి ఎంత ప్రయత్నించినా ఆ కండ పూర్తిగా బిగుసుకోదు. బద్ధకం కాదది, కీలు తనను తాను కాపాడుకునే పద్ధతి. అందుకే ముందు వాపు దిగాలి, మోకాలు నిటారుగా చాచుకోవాలి. మడమ కింద తువాలు చుట్ట పెట్టి, మోకాలిని మంచానికేసి నొక్కి, ఐదు నుంచి పది సెకన్లు బిగబట్టి వదలాలి. ఆ తర్వాత మోకాలు వంగకుండా కాలు మొత్తం పైకి లేపాలి. అది వచ్చి, వాపు పెరగకుండా ఉంటే ఇక బరువు ఎక్కాల్సిందే.

మన గొడవంతా ఇక్కడే ఉంది.

తమరికి దగ్గర బంధువు ఒకాయన ఉన్నాడు, జిరాక్స్ కాగితం. ఒక గీతల బొమ్మ, కింద ఒడియాలో రెండు ముక్కలు, పక్కన ఇంగ్లిషులో గొలుసు రాత. తెలుగువాళ్లం మూడూ చదవలేకపోయినా సారాంశం అందరికీ తెలుసు: కాలు లేపు, పదిసార్లు. మొదటి వారం పదిసార్లు. నాలుగో వారం పదిసార్లు. మూడో నెల పదిసార్లు. బరువు సున్నా. మనిషి మారతాడు, కాలు మారుతుంది, కాలెండరు మారుతుంది, ఆ పది మాత్రం మారదు. పదీ లేపి, ఇంకో పాతిక కబుర్లు చెబుతూ లేపగలిగే రోజు వచ్చాక అది కండకి పని కాదు, కాలక్షేపం. ఆఖరికొచ్చేసరికి మోయలేనేమో అనిపించేంత పని పడితే తప్ప కండ పెరగదు. మోయగలిగిన రోజున ఇంకాస్త వేయాలి. ఈ రెండో ముక్క ఆ కాగితంలో లేదు.

పోనీ కొలుస్తారా? మోకాలి చిప్ప పై అంచు నుంచి 15 సెంటీమీటర్లు పైకి గుర్తు పెట్టి, రెండు తొడల చుట్టుకొలతా రెండు వారాలకోసారి రాసుకోవడానికి దర్జీ టేపు చాలు. ఆ టేపు ఆ గదిలో ఎవరికీ కనబడినట్టు లేదు. తమరి మీట ఎంత దాకా తిప్పారో మాత్రం రిజిస్టర్లో ముత్యాల్లాంటి అక్షరాలతో రాస్తారు.

ఇదేమైనా నిన్న మొన్న కనిపెట్టిన సంగతా? 1945 నాటికే థామస్ డిలోర్మ్ అనే అమెరికా సైనిక వైద్యుడు, యుద్ధంలో మోకాళ్లు దెబ్బతిన్న సైనికులకి ఇనప బూటు తొడిగించి, దానికి బరువులు బిగించి కాలు చాపించాడు. పదిసార్లు మాత్రమే లేపగలిగే బరువెంతో తేల్చాడు. తర్వాత్తర్వాత దాన్ని మూడు విడతలు చేశాడు: ఆ బరువులో సగంతో పది, ముప్పాతికతో పది, పూర్తి బరువుతో పది. బలం పెరిగిందంటే బరువు పెరగాల్సిందే. చూశారా, ఆయనా పదే అన్నాడు! పది పక్కన కిలోలు రాశాడు. అప్పుడే సాధించిన సంగతి. ఎనభై ఏళ్లు గడిచాయయ్యా! ఇంకా మా కాళ్లకి తడి స్పాంజీలు అంటించి పడుకోబెడతావేటి?

సంక్రాంతికి సంగిడి రాళ్లు ఎత్తే నేల ఇది. మల్లయోధుడు కోడి రామ్మూర్తిది వీరఘట్టం. సిడ్నీ ఒలింపిక్స్‌లో 110, 130 కిలోలు ఎత్తి 2000లో కాంస్యం తెచ్చిన కరణం మల్లీశ్వరి సాధన మొదలైంది ఆమదాలవలస పక్కన ఊసవానిపేటలో. 2010 కామన్వెల్త్ క్రీడల్లో 69 కిలోల వెయిట్‌లిఫ్టింగ్ విభాగంలో బంగారం కొట్టిన రవికుమార్ నువ్వు కాపురముంటున్న ఈ బరంపురం వాడే. కొత్తగా చేరిన కుర్రాడికి ఏ తాలింఖానాలోనైనా మొదటి రోజు చెప్పే మాటేటి? చిన్న రాయి ఎత్తు, వచ్చాక పెద్దది ఎత్తు. ఆ మాటే నీ గదిలో ఎవడూ చెప్పడు.

నువ్వు చెప్పవు కాబట్టి మేమే చెప్పుకుంటాం, విను. ఎముక అతికిందని ఎక్స్‌రే చూసి డాక్టరు బరువు మోపమన్నాక సంగతి ఇది. ఏసీఎల్ ఆపరేషన్ అయినవాళ్లు కూర్చుని కాలు చాపే మిషన్ మీద సర్జన్ చెప్పిన కోణం దాటకూడదు. మిగతాది కుర్చీతో మొదలవుతుంది. కాస్త ఎత్తు కుర్చీ మీంచి చేతులు ఆనించకుండా లేవాలి, మూడు లెక్కపెడుతూ నెమ్మదిగా కూర్చోవాలి. పదేసి, మూడు విడతలు. ఆఖరి విడత అయ్యేసరికి ఇంకో రెండు మూడు చేసే ఓపిక మిగలాలి. ఏడెనిమిది మిగిలితే బరువు చాలలేదు, ఏమీ మిగలకపోతే ఎక్కువైంది. వరసగా రెండు సాధనల్లోనూ ఆఖరి విడతలో రెండు అదనంగా వస్తే బరువు 2 నుంచి 10 శాతం దాకా పెంచాలి. అరవై కిలోల మనిషి స్కూలు బ్యాగులో ఐదు కిలోల బియ్యం పోసి వీపుకి తగిలించుకున్నా ఎనిమిది శాతం చిల్లరే అయింది. తర్వాత పది లీటర్ల నీళ్ల డబ్బా రొమ్ముకి హత్తుకుని. వారానికి రెండు మూడు రోజులు, మధ్యలో ఒక్కో రోజు విడిచి.

ఇందులో ఒక మోసం ఉంది. రెండు కాళ్లతో బస్కీ తీస్తే బాగున్న కాలే దొంగచాటుగా ఎక్కువ మోసేస్తుంది. పైకి చూస్తే మనిషి చక్కగా లేచి కూర్చుంటున్నాడు, బరువూ పెరుగుతోంది, సన్నబడ్డ తొడ మాత్రం సన్నగానే ఉంటుంది. అందుకని ఒంటికాలి పని తప్పదు: అరుగు ఎక్కి నెమ్మదిగా దిగడం, జిమ్ముకి వెళ్లగలిగితే లెగ్ ప్రెస్ మీద ఒక్కో కాలూ విడివిడిగా. దెబ్బ కాలితో మొదలుపెట్టాలి. అది ఎన్ని చేస్తే రెండోదీ అన్నే. తొడ వెనక కండరాన్నీ పిక్కనీ మరిచిపోకూడదు. నొప్పి పదికి మూడు దాకా పర్వాలేదు, కానీ మర్నాటికి సర్దుకోవాలి. మర్నాడు పొద్దున మోకాలు ఉబ్బి ఉంటే నిన్నటి బరువు ఎక్కువైంది, ఒక మెట్టు దిగాలి. ఒక మెట్టు అన్నాం, మంచం ఎక్కమనలేదు.

మంచం అంటే గుర్తొచ్చింది. ‘పూర్తి రెస్టు’ గారూ, మీ సంగతి ఇంకో ఉత్తరంలో. మోకాలి క్యాపూ, నువ్వు ధైర్యం ఇస్తావు, కండ ఇవ్వవు. వేడి మైనమూ, ఆవనూనె మర్దనా, మీరు హాయిగానే ఉంటారు, పండక్కి రండి. తొమ్మిది నెలలైనా నిండకుండా, దెబ్బ కాలి బలం రెండో కాలిలో 90 శాతానికైనా రాకుండా, ఏసీఎల్ ఆపరేషన్ అయినవాణ్ణి ‘ఒక్క కూత పెట్టరా’ అని బరిలోకి లాగే ఊరి కబడ్డీ పెద్దలూ, రెండోసారి తెగితే ఖర్చు మీరు పెడతారా?

ఇక జిమ్ములో అద్దం ముందు నిలబడే బావగారు. ‘పాత లెక్కే వేసేద్దాం బావా, బాడీకి గుర్తుంటాది’ అంటాడు. గుర్తుండే మాట నిజమే, అది తర్వాత చెబుతాం. కానీ నెలల తర్వాత మొదటి రోజే పాత లెక్కన వందల బస్కీలు తీస్తే కండ నలిగి, దాని చెత్తంతా రక్తంలో కలిసి మూత్రం కోలా రంగులో రావచ్చు. అది జిమ్ము నొప్పి కాదు, ఆస్పత్రికి పరుగెత్తాల్సిన పని, కిడ్నీలు పోవచ్చు. మే నెల ఎండలో చెమట కారి, నీళ్లు తాగక, పైన ఒక డైక్లోఫెనాక్ నొప్పి బిళ్ల కూడా మింగితే మరీనూ. మొదటి వారం పాత బరువులో సగం, విడతలు కూడా సగం. చాలు.

కిడ్నీ మాట ఈ చుట్టుపక్కల నవ్వుతూ మాట్లాడేది కాదు. ఉద్దానంలో, కవిటి, కంచిలి, సోంపేట, మందస, వజ్రపుకొత్తూరుల్లో ఎన్ని ఇళ్లలో డయాలసిస్ మనుషులున్నారో అందరికీ తెలుసు. నొప్పి బిళ్లలు వారాల తరబడి వాడేముందు, ప్రొటీన్ డబ్బా మూత తీసేముందు, ఒక్కసారి క్రియాటినిన్ పరీక్ష (కిడ్నీల పనితీరు చెప్పే రక్తపరీక్ష) చేయించుకోవాలి. కండ కోసం క్రియాటిన్ పొడి వాడుతుంటే ఆ సంగతి డాక్టరుకి చెప్పాలి, దానివల్ల కూడా ఆ అంకె కాస్త పెరుగుతుంది. కిడ్నీ జబ్బు ఉంటే ప్రొటీన్ ఎంత తినాలో డాక్టరే చెప్పాలి, కింద చెప్పే లెక్క వాళ్లకి కాదు.

కిడ్నీలు బాగున్నవాళ్లకి కిలో బరువుకి రోజుకి 1.6 గ్రాముల ప్రొటీన్ చాలు. అరవై కిలోల మనిషికి 96 గ్రాములు. గుడ్డులో 6. వంద గ్రాముల ఉలవల్లో 22, మీల్‌మేకర్‌లో 50 పైన. చేపలో వందకి 20 దాకా. పొద్దున చద్దన్నం, ఉల్లిపాయ. మధ్యాహ్నం అన్నం, పప్పుచారు. రాత్రి అన్నం, మజ్జిగ అంటే ఆ లెక్కలో సగం కూడా రాదు. ఉలవచారు బలమే, కానీ చారు మనం తాగి ఉలవలు గేదెకి పెడితే ప్రొటీన్ గేదెది.

పోయిన కండ మొదటిసారి కన్నా త్వరగా వస్తుంది, అదొక్కటే మాకున్న దిలాసా. ఫిన్లాండులో 2024లో తేల్చారు: పది వారాలు బరువులు ఎత్తి, పది వారాలు మానేసి, మళ్లీ మొదలుపెట్టినవాళ్లు ఐదు వారాల్లోనే మానేసినప్పటి స్థాయికి వచ్చేశారు. వాళ్లకి దెబ్బలేమీ లేవనుకో, మనకి ఇంకా పడుతుంది. కండ పెరిగినప్పుడు దాని కణాల్లో చేరిన కేంద్రకాలు (న్యూక్లియస్‌లు) కండ కరిగినా అక్కడే ఉంటాయని ఎలుకల్లో 2010లో చూపించారు. మనుషుల్లో ఆ వాదన ఇంకా నడుస్తోంది. ఏదెలా ఉన్నా అద్దం ముందు బావకి చెప్పాల్సింది ఒకటుంది: కండ త్వరగా వస్తుంది, దాన్ని ఎముకకి కట్టే స్నాయువు అంత త్వరగా రాదు. ఆరో వారం బలం వచ్చిందని ఎగిరి దూకితే మోకాలి చిప్ప కింద నొప్పి మొదలై మళ్లీ నీ దగ్గరికే వస్తాడు.

నీకు కోపం వచ్చి ఉంటుంది. నీ వంశంలో ఒక ప్రయోజకుడున్నాడని కూడా చెబుతున్నాం, మిషన్ బాబూ. జిలజిలలాడించేవాడు కాదు, కండని పట్టి గట్టిగా బిగించేవాడు. ఆపరేషన్ అయిన తొలి వారాల్లో, మనిషి ఎంత ప్రయత్నించినా తొడ మాట విననప్పుడు, తొడ మీద పెద్ద ప్యాడ్లు రెండు పెట్టి, పది సెకన్లు బిగుసుకోవడం, యాభై సెకన్లు విడుపు, ఒక పదిపదిహేనుసార్లు, భరించగలిగినంత గట్టిగా, మనిషి కూడా తనవంతు బిగిస్తూ చేస్తే పనికొస్తుంది. తిప్పలు పెడతాడు కానీ పని చేస్తాడు. నీ డబ్బాలోనే ఆ బటను ఉందేమో ఎవరైనా నొక్కి చూస్తే బాగుణ్ణు.

కాబట్టి అయ్యా, తమరి పదిహేను నిమిషాలు తమరే ఉంచుకోండి. మాకు మిగతా అరగంట ఇప్పించండి, ఒక టేపు, ఒక మెట్టు, ఒక నోటుపుస్తకం. గది తలుపు గాలికి కొట్టుకోకుండా ఆనించిన ఆ పది కిలోల డంబెల్‌ని ఆ ఉద్యోగం నుంచి విడుదల చేయించండి.

ఇట్లు,
ఒక తొడ లావు, ఒక తొడ సన్నం గల సరిహద్దు ప్రజలు

తా.క.: తలుపుకి ఇటుక మేం తెచ్చిస్తాం.