పీటల మీద మాటలు

కొత్త ఫ్లాట్, గృహప్రవేశం, సత్యనారాయణ వ్రతం, హాలు నిండా చుట్టాలు. ఇదంతా అందరిళ్లలో జరిగేదే, వదిలేద్దాం.

పీటల మీద కూర్చున్న మొగుడూ పెళ్లాలు మాట్లాడుకోవాలంటే గొణుక్కోవాల్సిందే. కళ్లు కలశం మీద, చేతిలో అక్షింతలు, పెదవులు కదిలినా మంత్రం చెబుతున్నట్టే ఉండాలి. అయ్యగారు 'శ్రీశైలస్య వాయవ్య ప్రదేశే' అంటూ దేవుడికి హైదరాబాదు అడ్రసు చెబుతుంటే, 'గ్యాస్ కట్టేశావా?' అని నేను. 'పరాభవ నామ సంవత్సరే' అనేసరికి, 'క్యాటరింగ్ అతను ఫోనెత్తట్లేదు' అని మా ఆవిడ. ఏడాది పేరు ఆయన అంత స్పష్టంగా చెప్పినా మాకు తట్టలేదు.

ఈ పద్ధతిలో లోపమేమీ లేదు. లోపమంతా అయ్యగారి మైకులో ఉంది. వెనకటి అయ్యగార్లకి గొంతుండేది. ఈయనకి కండువాకి తగిలించుకునే బుల్లి మైకు, బ్లూటూత్ స్పీకరు ఉన్నాయి. వంటింట్లో ఆడవాళ్లకి కూడా కథ వినబడాలని స్పీకరు ఆ గుమ్మంలో పెట్టించారు.

నాలుగో కథ అయ్యింది. పడవలో ఏముందని అడిగితే షావుకారు 'ఆకులూ అలములూ' అనడం, సరుకంతా అవే అయిపోవడం, మళ్లీ దారిన పడటం. కొబ్బరికాయ కొట్టాను. అంతలో అయ్యగారికి ఫోను, తర్వాతి వ్రతం వాళ్ల దగ్గర్నుంచి. ఆయన మైకు తీసి, ఆపకుండా, తాంబూలం పళ్లెంలో పెట్టి బాల్కనీలోకి నడిచారు. వక్కల మధ్య అదీ ఒక వక్కలాగే ఉంది. ఎవరు చూస్తారు?

అప్పుడే మా ఆవిడ బాబాయిగారు కొత్త టైల్స్‌ని వేలితో తట్టి చూస్తూ కనబడ్డారు. పొద్దుట్నుంచీ వచ్చినవాళ్లందరికీ 'ఈశాన్యం తగ్గింది' అని ఆయనే చెబుతున్నారు.

"మన పెళ్లికీ నూట పదహార్లే, పాప బారసాలకీ నూట పదహార్లే. మీ బాబాయి దగ్గర ద్రవ్యోల్బణం ఉండదు," అని గొణిగాను.

వంటింటి వైపు నుంచి ఒక మగ గొంతు కూడా 'ద్రవ్యోల్బణం' అంది. ఎవరో చదువుకున్నాయన వచ్చినట్టున్నారు అనుకున్నాను.

మా ఆవిడ ఊరుకుంటుందా? కలశం మీంచి చూపు తిప్పకుండానే, "మీ పెద్దత్త ఏం తక్కువ? ఇందాక ఇచ్చిన స్టీలు గిన్నె అడుగున మన పేర్లే ఉన్నాయి. వాళ్ల గృహప్రవేశానికి మనం ఇచ్చిందే," అంది.

ఈసారి వంటింట్లోంచి ఆడ గొంతు. అచ్చం మా ఆవిడదే.

హాల్లో ఒక్కరూ మాట్లాడట్లేదు. బాబాయిగారి వేలు టైలు మీదే ఆగిపోయింది. పెద్దత్త లేచి, బహుమతుల బల్ల దగ్గరికెళ్లి, గిన్నె తిరగేసి, కళ్లజోడు పెట్టుకుని మరీ చదివింది.

అయ్యగారు వచ్చి మైకు తగిలించుకుని, "అందరికీ వినబడుతోందా?" అన్నారు.

"బ్రహ్మాండంగా," అన్నారు బాబాయిగారు.

ఐదో కథ ఎలా అయ్యిందో నాకు తెలీదు. మా పెళ్లినాడు ఎదురుకోలు దగ్గర గొడవైనప్పటి నుంచీ మాటల్లేని బాబాయిగారూ పెద్దత్తా భోజనాల్లో పక్కపక్కనే కూర్చుని, పులిహోర తింటూ, మా వైపే చూస్తూ ఏదో గొణుక్కున్నారు. ఒక్క ముక్క వినబడితే ఒట్టు.

అయ్యగారు వెళ్తూ వెళ్తూ, దక్షిణ కాకుండా, సౌండుకి విడిగా ఐదొందలు తీసుకున్నారు.