చెత్త సంచిని చూసి నవ్వకండి

ప్యారిస్‌లో ఫ్యాషన్ వీక్, అంటే పెద్ద కంపెనీలు కొత్త బట్టలు మోడళ్ళకు వేసి చూపించే వారం, మొదలైందంటే చాలు, మనవాళ్ళు ఆ ఫొటోలు వాట్సాప్ గ్రూపుల్లో తిప్పుకుంటూ పగలబడి నవ్వుతారు. ఇది మంచి పద్ధతి కాదు. మనం నవ్వేది అర్థం కాక. అర్థమైతే, అంటే ధర తెలిస్తే, ఎవరికీ నవ్వు రాదు. అందుకని కాస్త ఓపిగ్గా చెబుతాను, నవ్వకుండా వినండి.

2022 మార్చిలో బలెన్సియాగా అనే ఖరీదైన ఫ్యాషన్ కంపెనీ ప్యారిస్ శివార్లలోని లె బూర్జెలో షో పెట్టింది. అద్దాల గోడకు అవతల ఉత్తుత్తి మంచు తుపాను, అందులో గాలికి ఎదురీదుతూ మోడళ్ళు, వాళ్ళ చేతుల్లో చెత్త సంచులు. ఉక్రెయిన్‌లో యుద్ధం మొదలై అప్పటికి రెండు వారాలు కూడా కాలేదు. ఆ షో డిజైనర్ డెమ్నా చిన్నప్పుడు జార్జియాలో యుద్ధం వల్ల ఇల్లూ వాకిలీ వదిలి పారిపోయిన కుటుంబంవాడు, కాబట్టి ఆ ఊహ వెనక నిజమైన బాధే ఉంది, కాదనను. కాకపోతే ఆ తర్వాత ఆ సంచి దుకాణంలోకి వచ్చింది. దూడ తోలుతో కుట్టారు. ధర 1,790 డాలర్లు, అప్పటి లెక్కన మన డబ్బుల్లో దాదాపు లక్షా నలభై వేలు. సరిహద్దులో శరణార్థి చేతిలో ఉన్న అసలు సంచికి ఎవరూ ఏ ధరా చెప్పలేదు, బహుశా అది దూడ తోలుది కాకపోవడం వల్ల అయ్యుంటుంది.

అదే షోకి అమెరికా టీవీ తార కిమ్ కర్దాషియన్ ఒంటినిండా కంపెనీ పేరు అచ్చేసిన పసుపు టేపు చుట్టుకుని వచ్చింది. అవును, కొరియర్ ఆఫీసులో అట్టపెట్టెలకు వేస్తారే, ఆ రకం టేపే. రాత్రి ఇంటికెళ్ళాక దాన్ని విప్పేటప్పుడు వచ్చే చప్పుడు తలుచుకుంటేనే నాకు పళ్ళు జివ్వుమంటాయి.

ఆ అక్టోబరులో అదే కంపెనీ ఇంకో మెట్టు ఎక్కింది. హాలు నిండా బురద నింపి అందులో మోడళ్ళను నడిపించింది. శాంటియాగో సియెర్రా అనే పేరున్న కళాకారుడు ఆ బురదను తీర్చిదిద్దాడు. మన నాట్లేసే ఆడవాళ్ళు ఆ వీడియో చూస్తే బురదను ఏమీ అనరు, నడకే తేడాగా ఉందంటారు. ఆ మరుసటి ఏడాది నడుముకు చుట్టుకునే తువ్వాలు ఒకటి స్కర్టు పేరుతో 925 డాలర్లకు అమ్మకానికి పెట్టారు. స్నానం చేసి దండెం దాకా వెళ్ళే ప్రతి తెలుగు మగవాడూ ఇన్నేళ్ళుగా ఎంత విలువైన దుస్తుల్లో తిరుగుతున్నాడో ఇప్పటికైనా ఇంట్లోవాళ్ళు గ్రహించాలి.

ఇదంతా లోపలి సంగతి. బయట ఇంకో షో ఉంటుంది, దాని పేరు స్ట్రీట్ స్టైల్. అంటే మామూలు జనం మామూలుగా వీధిలో వెళ్తుంటే ఫొటో తీయడం అన్నమాట. ప్యారిస్‌లోని ట్యులరీ తోట గేటు దగ్గర నిలబడితే ఈ మామూలు జనాన్ని చూడొచ్చు. ఒకావిడ మార్చి చలిలో చేతుల్లేని గౌను వేసుకుని, వెలగని ఫోన్ చెవి దగ్గర పెట్టుకుని, కెమెరాలేవీ తనకు కనబడనట్టు రోడ్డు దాటుతుంది. ఫొటోగ్రాఫర్లు ఆవిడకు ఎదురుగా వెనక్కి నడుస్తూ, ఒకరి కాళ్ళు ఒకరు తొక్కుకుంటూ తీస్తారు. ఆవిడ అవతలికి చేరి, కోటు సర్దుకుని, మళ్ళీ ఇవతలికి వస్తుంది. మళ్ళీ దాటుతుంది. ఆ వీధిలో ఆవిడకు పనేమీ లేదు. ఆ గౌను చాలాసార్లు ఆవిడది కూడా కాదు, కంపెనీ ఎరువిచ్చింది, సాయంత్రానికి తిరిగి ఇచ్చేయాలి. వెనక బస్సు డ్రైవరు హారన్ కొడుతుంటాడు. నిజంగా ఆ వీధిలో పనున్న మనిషి అతనొక్కడే, అతని ఫొటో మాత్రం ఎవరూ తీయరు.

తీసేవాడు ఒకాయన ఉండేవాడు. న్యూయార్క్ టైమ్స్‌కు దశాబ్దాల పాటు వీధి ఫొటోలు తీసిన బిల్ కన్నింగ్‌హామ్. సైకిల్ మీద తిరిగేవాడు. పేరున్న మొహాల కంటే బాగా కట్టిన బట్ట కోసం చూసేవాడు, ఆ బట్టలో ఉన్నది ఎవరైనా సరే. విందులకు ఫొటోల కోసం వెళ్తే మంచినీళ్ళు కూడా ముట్టేవాడు కాదట. ఆయన రోజూ వేసుకునే నీలం జాకెట్ ప్యారిస్‌లో వీధులు ఊడ్చేవాళ్ళు వేసుకునే చవక రకం. వానకోటు చిరిగితే పారేయకుండా టేపు అతికించుకునేవాడు. చూశారా, కిమ్ కంటే ఎన్నో ఏళ్ళ ముందే ఒంటి మీద టేపు వేసుకుని తిరిగిన మనిషి, పాపం మార్కెటింగ్ తెలియక 2016లో అలాగే వెళ్ళిపోయాడు.

షో లోపల సీట్ల గొడవ ఒకటుంది. వడ్డించేవాడు మనవాడైతే కడపంక్తిలో కూర్చున్నా పర్వాలేదని మనం అనుకుంటాం కదా, అక్కడ ఆ సామెత చెల్లదు. మొదటి వరుసలో లేకపోతే వచ్చినా రానట్టే లెక్క. అరగంట ఆలస్యంగా మొదలై పది, పదిహేను నిమిషాల్లో ముగిసే షో కోసం ఇంత టెన్షన్ ఏమిటని అడిగితే, మీరు మళ్ళీ నవ్వుతున్నారన్నమాట.

ఇక మన దేశానికి దక్కిన గౌరవం. 2025 జూన్‌లో మిలాన్‌లో ఇటలీ ఫ్యాషన్ కంపెనీ ప్రాడా తన మగవాళ్ళ కలెక్షన్‌లో అచ్చం కొల్హాపురి చెప్పుల్లాంటివి వేయించి నడిపించింది. పేరు దగ్గర మాత్రం తోలు చెప్పులు అని ఊరుకుంది. ఆ చెప్పులకు 2019లోనే జీఐ గుర్తింపు, అంటే ఇవి ఫలానా ప్రాంతానివే అన్న అధికారిక ముద్ర, వచ్చింది, వాటిని కుట్టే చర్మకారుల కుటుంబాలు మహారాష్ట్రలో, కర్ణాటకలో తరతరాలుగా ఉన్నాయి. గొడవయ్యాక కంపెనీ ఒప్పుకుంది, అవును, అక్కడివే స్ఫూర్తి అని. ఆ డిసెంబరులో రెండు రాష్ట్రాల తోలు పరిశ్రమల సంస్థలతో ఒప్పందం కుదిరింది. 2,000 జతలు ఇక్కడే కుట్టించాలని, జత దాదాపు 800 యూరోలకు అమ్మాలని అనుకున్నారు. ఇది నిజంగా మంచి కబురే, వెటకారం కాదు, అందులో కుట్టినవాడి చేతికి ఎంత అందుతుందన్న ప్రశ్న ఒక్కటే మిగిలింది.

నా దిగులు మాత్రం కొన్నవాళ్ళ గురించి. కొత్త కొల్హాపురి చెప్పు మొదట్లో కరుస్తుంది, బొబ్బలెక్కుతాయి, రాత్రి కొబ్బరినూనె రాసి పెడితే మెత్తబడుతుంది. ఈ ముక్క ఆ పెట్టెలో ఎవరైనా రాసి పెడతారో లేదో. పెట్టినా మామూలు కొబ్బరినూనె అనకూడదు, చిన్న సీసాలో పోసి ఇంకో 90 యూరోలు తీసుకోవాలి.