కూలి పెంచితే పని పోతుందా? పలాసలో చూసి చెప్పండి

కనీస వేతనం పెంచుదామన్న మాట వస్తే చాలు, ఫ్యాక్టరీలు మూతపడతాయి, ఉన్న పనీ పోతుంది అని మొదలుపెడతారు. ఐదేళ్లకోసారైనా రేట్లు సవరించాలని 1948 నాటి కనీస వేతనాల చట్టంలోనే ఉండేది, ఆ చరిత్రంతా వదిలేద్దాం. నేననేది ఒకటే: శ్రీకాకుళం, విజయనగరం లాంటి జిల్లాల్లో కూలి పెంచకపోవడం వల్లే మనుషులు ఊళ్లొదిలి పోతున్నారు.

శ్రీకాకుళం జిల్లా పలాస-కాశీబుగ్గలో జీడిపప్పు తీసే యూనిట్లనే తీసుకోండి. పనిచేసేవాళ్లలో ఎక్కువమంది ఆడవాళ్లే. పప్పు కోసం జీడి పిక్క కొట్టేటప్పుడు దాని పెంకులోని రసం తగిలితే చర్మం కాలి బొబ్బలెక్కుతుంది. పొట్టు తీసే పనికి చాలాచోట్ల రోజు కూలి ఉండదు, కిలో లెక్క. గుండు, అంటే విరగని పప్పు, విరిగి బద్దయితే దాని ధర పడిపోతుంది కాబట్టి చెయ్యి తొందరపడకూడదు, తొందరపడకపోతే కిలోలు తేలవు. ఇలా ఎన్ని గంటలు కూర్చుంటే కనీస వేతనం గిడుతుందో ఎవరైనా లెక్కకట్టారా? కిలో లెక్క పనికీ చట్టం వర్తిస్తుంది. కనీస వేతనం కంటే తక్కువిచ్చి చేయించుకుంటే అది వెట్టిచాకిరీయేనని ఢిల్లీ ఆసియా క్రీడల నిర్మాణ పనుల కూలీల (ఏషియాడ్) కేసులో సుప్రీంకోర్టు 1982లోనే చెప్పింది.

వ్యాపారుల టెన్షన్ అబద్ధమనను. వియత్నాంతో పోటీ ఉంది, ఆఫ్రికా నుంచి తెచ్చుకునే పిక్కల రేటు మన చేతిలో లేదు. అయితే యూనిట్ ఖర్చులో సింహభాగం ఆ పిక్కలదే కదా! వాటి ధర పెరిగితే ఎలాగోలా సర్దుకునేవాళ్లు కూలి నాలుగు రూపాయలు పెంచమంటే గేటుకు తాళమంటారు. అమెరికాలోని న్యూజెర్సీ రాష్ట్రంలో 1992లో గంటకు కనీస వేతనం 4.25 నుంచి 5.05 డాలర్లు చేసినప్పుడూ ఇదే గోల. ఆర్థికవేత్తలు కార్డ్, క్రూగర్ అక్కడి ఫాస్ట్‌ఫుడ్ షాపుల లెక్క తీస్తే ఉద్యోగాలు తగ్గిన జాడే లేదు, 2021లో కార్డ్‌కు నోబెల్ కూడా వచ్చింది. న్యూజెర్సీ వేరు, మన జిల్లా నౌపడ వేరు, ఒప్పుకుంటాను. కానీ ఇక్కడ పెరిగిన కూలి ఇక్కడి సంతలోనే ఖర్చవుతుంది, కిరాణా కొట్టు బాకీ తీరుతుంది, ట్యూషన్ ఫీజు కడతారు.

అసలు నా బాధ వలస గురించి. 2025-26లో మన ఉపాధి హామీ రోజు కూలి 307 రూపాయలు, అదీ ఏడాది పొడుగునా దొరకలేదు. మరి జనం విశాఖ ఎక్స్‌ప్రెస్ జనరల్ బోగీ ఎక్కక ఏం చేస్తారు? 2014 జూన్‌లో చెన్నై మౌలివాకంలో భవనం కూలి 61 మంది చనిపోతే అందులో మన రెండు జిల్లాల వాళ్లు ఎందరో. గుజరాత్ బోట్లలో పనికెళ్లిన మన మత్స్యకారులు 2018లో పాకిస్తాన్‌కు పట్టుబడి 2020 జనవరిలో గానీ ఇల్లు చేరలేదు. ఇంత తీరం పెట్టుకుని చేపల వేట కోసం గుజరాత్‌లోని వేరావల్ రేవుకు పోవాలా? దానికి జెట్టీలు లేకపోవడమూ కారణమే, అది ఇంకో రోజు రాస్తా. తల్లిదండ్రులు సైట్ల మీద, పిల్లలు అమ్మమ్మల దగ్గర, ఊళ్లో సగం ఇళ్లకు తాళాలు. ఈ నష్టాన్ని ఏ యజమాని బ్యాలెన్స్ షీట్‌లోనూ రాయరు.

రేటు పెంచి జీవో ఇస్తే సరిపోదు. 1948 చట్టం స్థానంలో వచ్చిన కొత్త వేతన కోడ్ ప్రకారం తక్కువిచ్చి మొదటిసారి దొరికినవాళ్లకు కేసు పెట్టేముందు సరిదిద్దుకునే గడువివ్వాలి, అంటే దొరికేదాకా దర్జాగా నడుస్తుంది. కాబట్టి కిలోకు ఎంత రావాలో ప్రతి యూనిట్ గేటు మీద పెద్ద తెలుగు అక్షరాల్లో రాయించండి, కూలి బ్యాంకు ఖాతాలో వేయించండి. కలెక్టర్ తలచుకుంటే ఇదేమంత పెద్ద పని?