పాత గోడలు పెద్దవాళ్లకు పనికిరావా?

"పాడుబడ్డ చారిత్రక భవనాన్ని రిటైరైనవాళ్ల ఫ్లాట్లుగా మార్చడం దండగ. గోడలన్నీ చెమ్మ, ఎటు చూసినా మెట్లు, కూల్చి కట్టుకుంటే చవక, పైగా మార్చాక చరిత్ర కూడా మిగలదు." ఈ మాట ఫోన్ల మీద ఫోన్లు మారుతూ తిరుగుతోంది. ఇందులో పావు వంతు నిజం ఉంది. అదేదో చివర్లో మీకే తెలుస్తుంది.

చెమ్మ సంగతి ముందు చూద్దాం, ఎక్కువ భయపెట్టేది అదే కాబట్టి. సున్నంతో కట్టిన గోడ తడిని పీల్చుకుంటుంది, ఎండ తగలగానే ఆవిరిగా వదిలేస్తుంది. దాని మీద ఎవరో రిపేరు పేరుతో సిమెంటు పూస్తారు. ఇక తడికి బయటికి దారి ఉండదు. నీటితో వచ్చిన ఉప్పు లోపలే పేరుకుని ఇటుకను పొడి చేస్తుంది. తప్పు సిమెంటుది, నింద గోడకి! మూసుకుపోయిన వాననీటి గొట్టాలు బాగుచేసి, గోడ చుట్టూ ఏళ్ల తరబడి పేరుకున్న మట్టి తీసేసి, సిమెంటు గీకి సున్నం పూస్తే చాలా గోడలు ఆరతాయి. ఆరడానికి నెలలు పడుతుంది, ఆ ఓపిక కావాలి.

మెట్లా? లిఫ్టు కోసం భవనం కడుపు కోయక్కర్లేదు. వెనకవైపు విడిగా నిలబడే చిన్న టవరు కట్టి, ఒక్కో అంతస్తుకూ కలిపితే చాలు. ర్యాంపుకి 1:12 వాలు కావాలి, అంటే 60 సెంటీమీటర్ల అరుగెక్కడానికి 7.2 మీటర్ల పొడవు. చక్రాల కుర్చీ తిరగడానికి మీటరున్నర చోటు చాలు, పాత వరండాల్లో అది సులువుగానే దొరుకుతుంది. అసలు తలనొప్పి బాత్రూములే. చెక్క దూలాల మీది నేలని నీటి గొట్టాల కోసం ఇష్టమొచ్చినట్టు దించలేం, అందుకే అన్ని అంతస్తుల బాత్రూములూ ఒకదాని మీద ఒకటి వచ్చేలా వరసగా పెట్టుకోవాలి.

వృద్ధులు అలాంటిచోట ఉండలేరంటారా? లండన్‌లోని చార్టర్‌హౌస్ 1371లో సన్యాసుల మఠం. తర్వాత ప్రభువుల భవంతి అయింది. 1611లో థామస్ సటన్ అనే ధనవంతుడు కొని, ఇచ్చిన ఆస్తితో నిరుపేద వృద్ధుల నివాసంగా మారింది. నేటికీ అక్కడ పెద్దవాళ్లు ఉంటున్నారు. అదే నగరంలో 1682లో మొదలైన రాయల్ హాస్పిటల్ చెల్సీ మొదటినుంచీ మాజీ సైనికుల కోసమే కట్టింది, కాబట్టి అది మార్పు లెక్కలోకి రాదు. కానీ దాని వాస్తుశిల్పి క్రిస్టఫర్ రెన్ ఇచ్చిన ఆరడుగుల గదులు తర్వాత తొమ్మిదడుగులయ్యాయి, ఈ శతాబ్దంలో సొంత బాత్రూములూ వచ్చాయి. భవనం మాత్రం అదే.

ఖర్చు గురించి గంపగుత్తగా ఏం చెప్పినా అబద్ధమే. కప్పు నిలిచి ఉంటే ఒక లెక్క, కూలితే ఇంకో లెక్క. కూల్చేవాళ్లు మాత్రం శిథిలాల తరలింపునీ, కొత్త పునాదినీ, కొత్త ఇటుక కాల్చిన ఇంధనాన్నీ లెక్కలో చూపించరు.

చివరగా చరిత్ర. పాత కట్టడాల సంరక్షణ మీద 1964లో వచ్చిన అంతర్జాతీయ సూత్రాల పత్రం వెనిస్ చార్టర్, సమాజానికి పనికొచ్చేలా వాడితే కట్టడాన్ని కాపాడుకోవడం సులువవుతుందంటుంది, అయితే అమరికా అలంకరణా మారకూడదని కూడా షరతు పెడుతుంది. బిల్డర్లు మొదటి సగం చదివి ఆపేస్తారు. ఎత్తైన హాలును అడ్డంగా కోసి, కిటికీల మధ్యనుంచి స్లాబు వేసి రెండంతస్తులు చేస్తే చరిత్ర పోతుందనే మీ మాట నిజమే. హాలుని అందరి భోజనాలకో చదువుకోవడానికో వదిలేసి, చిన్న గదుల్లో ఫ్లాట్లు చేయాలి. హాలు కోసిన నక్షా ఎవరైనా తెస్తే చెప్పండి, నేనూ మీ పక్షమే.